గ్లెనిఫ్ వాగులో రాతిగవ్వ

డబ్లిన్ నుంచి స్లైగో పట్టణానికి రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. ఎన్4 రోడ్డు పట్టుకుని, మధ్యలో ఒకసారి కాఫీకి ఆగినా మూడు గంటల్లో చేరిపోవచ్చు. జూన్ నెల మొదటి సోమవారం ఐర్లండులో సెలవు. ఆ వారాంతం మాకు ఆసుపత్రి డ్యూటీ పడకపోవడం అరుదైన విషయం గనక, మావారినీ, ఎనిమిదేళ్ళ మా అమ్మాయినీ వెంటపెట్టుకుని, పులిహోర ఒక డబ్బా, పెరుగన్నం ఒక డబ్బా సర్దుకుని, శనివారం పొద్దున్నే బయలుదేరాం.

స్లైగో దాటి ఉత్తరంగా ఎన్15 మీద పోతూంటే కుడివైపున బెన్ బుల్బెన్ కొండ కనిపిస్తుంది. 526 మీటర్ల ఎత్తు. శిఖరం ఉండదు. పైభాగాన్ని ఎవరో కత్తిపీటతో కోసినట్టు చదునుగా ఉంటుంది. పక్కలకి నిలువు గాళ్ళు. మంచుయుగంలో హిమానీనదాలు చెక్కిన కొండ అది. దాని నీడలోనే డ్రమ్‌క్లిఫ్ చర్చి ఆవరణలో కవి యేట్స్ సమాధి ఉంది. ఆయన 1939లో ఫ్రాన్సులో పోతే, 1948లో తీసుకొచ్చి ఇక్కడ సమాధి చేశారు. మేమూ అందరిలాగే అక్కడ ఆగి, దణ్ణం పెట్టుకుని, ఫోటో తీసుకుని ముందుకు సాగాం.

మేము చెప్పబోయేది యేట్స్ గురించి కాదు. ఆ కొండ వెనకవైపున గ్లెనిఫ్ అనే లోయ ఉంది. గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది గనక గ్లెనిఫ్ హార్స్‌షూ అంటారు. చుట్టూ ఇరుకైన రోడ్డు ఒకటి, సుమారు పది కిలోమీటర్లు. లోయ మధ్యలో ఒక వాగు. వాగు ఒడ్డున పాతకాలపు బెరైటీస్ మిల్లు శిథిలాలు ఉన్నాయి. బెరైటీస్ అంటే బేరియం సల్ఫేట్. మన వైద్యులకి ఎక్స్‌రే ముందు రోగిచేత తాగించే బేరియం మీల్‌గా పరిచయం, మన కడప వాళ్ళకి మంగంపేట గనిగా పరిచయం. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. ఇక్కడి కొండల్లో దొరికింది దానితో పోలిస్తే చిటికెడు. అయినా పరాయిదేశపు లోయలో తెలిసిన పేరు వినబడితే మనసుకి ఎంతో హాయిగా ఉంటుంది.

మిల్లు దగ్గర కారు ఆపి, దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. చినుకు పడుతూ ఆగుతూ ఉంది. మా అమ్మాయి బూట్లతో వాగులో దిగింది. నీళ్ళు మోకాలికి కూడా రావు. అయిదు నిమిషాలు కాలేదు, కేక పెట్టింది.

"అమ్మా, గవ్వ దొరికింది! సముద్రం లేదు కదా, గవ్వ ఎలా వచ్చింది?"

మేము కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుతూ, తలైనా ఎత్తకుండా, "అది రాయి అమ్మా, పారెయ్యి. చేతులు కడుక్కో" అన్నాం.

ఆ మాట మా నోట్లోంచి రాగానే, ఇది ఇంతకుముందు ఎక్కడో అన్న మాటే అనిపించింది. ఎవరితో అన్నామో వెంటనే గుర్తు రాలేదు. పిల్ల ముఖం మాత్రం చిన్నబోయింది. పారెయ్యలేదు. గుప్పిట్లో పెట్టుకుని అలాగే నిలబడింది. మావారు లేచి వెళ్ళి చూసి, "ఒకసారి నువ్వూ చూడు" అన్నారు.

చూశాం. బొటనవేలి గోరుకి రెండింతలుంటుంది. బూడిదరంగు రాతిముక్క మీద ఉబ్బెత్తుగా, సన్నటి గీతలతో, విసనకర్రలాగా విచ్చుకుని ఉంది. గవ్వే. సందేహం లేదు. పడ్డ తప్పు సరిదిద్దుకునే తొందరలో, "ఇది కాకుల్ అమ్మా. మన ఆల్చిప్పల జాతి. ఒకప్పుడు ఇక్కడిదాకా సముద్రం ఉండేదన్నమాట" అని తీర్పు చెప్పేశాం. అదీ తప్పేనని తేలడానికి పది నిమిషాలు పట్టింది.

కుక్కని తీసుకుని ఒక పెద్దావిడ ఆ దారిన నడిచి వస్తోంది. ఈ దేశపు మర్యాద ప్రకారం ముందు వాన గురించి మాట్లాడుకున్నాం. తరవాత మా అమ్మాయి చెయ్యి చాపి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మాతో కాదు, పిల్లతోనే అంది: "దీన్ని ఎటునుంచి కోస్తే రెండు భాగాలూ సమానంగా వస్తాయో చెప్పు చూద్దాం." మా అమ్మాయి కాసేపు చూసి, మధ్యగా వేలు పెట్టి నిలువునా గీసింది. "అయితే ఇది కాకుల్ కాదు. బ్రాకియోపాడ్" అంది ఆవిడ. ఈ ప్రాంతపు బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మట.

ఆ ఒక్క ప్రశ్నలో ఎంత ఉందో ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాక గాని మాకు తెలియలేదు. మన పిల్లలకి చెప్పడానికి పనికొస్తుంది గనక కాస్త వివరంగా రాస్తున్నాం.

రెండు చిప్పలు కీలు దగ్గర కలిసి ఉండే జీవులు రెండు రకాలు. పైకి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గాని చుట్టరికం చాలా దూరం. మొదటిది ఆల్చిప్పల రకం. దాన్ని గుర్తుపెట్టుకోవడానికి చేతులు జోడించి నమస్కారం పెట్టండి. కుడి అరచెయ్యి, ఎడమ అరచెయ్యి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. కాని ఏదో ఒక్క చేతిని విడిగా చూస్తే దానికి అటూ ఇటూ సమానం కాదు. ఒక పక్క బొటనవేలు, ఒక పక్క చిటికెనవేలు. ఆల్చిప్ప, కాకుల్, మన గోదావరి పాయల్లో దొరికే గుల్లలు, సాధారణంగా అన్నీ ఇంతే. ఒక్క చిప్పని చూస్తే దాని ముక్కు ఒక పక్కకి వాలి ఉంటుంది. ఆయిస్టర్ వంటివి ఈ లెక్కకి లొంగవు గాని, అవి వేరే కథ.

రెండోది బ్రాకియోపాడ్. దానికి మనిషి తల గుర్తు. ముఖం వేరు, వెనక తల వేరు, రెండింటికీ పోలిక లేదు. కాని నుదుటినుంచి గడ్డందాకా నిలువుగీత గీస్తే కుడి ఎడమలు సమానం. బ్రాకియోపాడ్‌కి పై చిప్ప వేరు, కింది చిప్ప వేరు. ఏ చిప్పకి ఆ చిప్ప మాత్రం మధ్యగీతకి అటూ ఇటూ సమానంగా ఉంటుంది. మన వైద్యులు ఆ పేరుకి భయపడక్కర్లేదు. రోగి మోచేతి దగ్గర రోజూ పట్టుకునే బ్రేకియల్ ఆర్టరీలోని బ్రేకియమే అది. గ్రీకులో చెయ్యి అని అర్థం. లోపల చేతులవంటి అవయవాలు ఉంటాయి, వాటిమీది సన్నటి కేశాలతో నీటిని కదిలించి ఆహారాన్ని వడపోసుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు వీటిలో కొన్నింటిని దీపపు గుల్లలు అంటారు, పాతకాలపు రోమన్ నూనెదీపంలా ఉంటాయని. మా కళ్ళకి అచ్చం కార్తీకమాసపు ప్రమిదలా ఉంది.

ఒకప్పుడు సముద్రాల అడుగు ఈ ప్రమిదలతో నిండి ఉండేది. రాళ్ళలో దొరికిన జాతులు 12,000కి పైమాటే. సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ళ కిందట, పెర్మియన్ యుగం చివర వచ్చిన ప్రళయంలో చాలాభాగం అంతరించిపోయాయి. ఆ ఖాళీల్లో ఆల్చిప్పల జాతి విస్తరించింది. బ్రాకియోపాడ్లు ఇప్పుడు దాదాపు 400 జాతులు మాత్రమే మిగిలాయి. వాటిలో లింగులా అనేది మన దేశపు తీరపు బురదలో ఈనాటికీ బతుకుతోంది.

ఇక మాకు దొరికిన దాని సంగతి. పాత టూత్ బ్రష్‌తో నీళ్ళలో మెల్లగా కడిగాం. గవ్వ వైపు కాకుండా, వెనక రాతి మూలన ఒక్క చుక్క వెనిగర్ వేస్తే చిన్న బుడగలు వచ్చాయి. అంటే సున్నపురాయి. మొత్తాన్ని వెనిగర్‌లో ముంచకండి. రాయితోబాటు గవ్వ కూడా సున్నమే, కరిగిపోతుంది. తరవాత టేబుల్ లైటుని పక్కకి వంచి, ఏటవాలు వెలుగులో చూశాం. చర్మంమీద దద్దురు చూడాలంటే వెలుతురు పక్కనుంచి పడాలని మాకు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో నేర్పారు. ఆ చదువు ఇక్కడా పనికొచ్చింది. ఎదురు వెలుగులో కనబడని చిన్న చిన్న బొడిపెలు గీతలమీద అక్కడక్కడా తేలాయి. కీలు ఉండే అంచు తిన్నగా ఉంది. చిప్ప బాగా ఉబ్బి, గిన్నె బోర్లించినట్టుంది.

తిన్నని కీలు, ఉబ్బిన చిప్ప, బొడిపెలు: ఈ మూడూ కలిస్తే ప్రొడక్టిడ్ అనే సమూహం. ఆ బొడిపెలు ఒకప్పటి ముళ్ళ మొదళ్ళు. ఈ జీవికి ఒంటినిండా బోలు ముళ్ళుండేవి. మెత్తటి బురదలో కూరుకుపోకుండా వాటిమీద నిలబడేది. ముళ్ళు విరిగిపోతాయి, మొదళ్ళు మిగులుతాయి. అంతకంటే ముందుకి, ఫలానా జాతి అని చెప్పాలంటే చిప్ప లోపలి కండరాల గుర్తులు చూడాలి. మాది రాతికి అంటుకుని ఉంది. అంచేత ప్రొడక్టిడ్ దగ్గరే ఆగాం. కనిపించినంతవరకే పేరు పెట్టి, మిగతాది ఖాళీగా వదలడం కూడా డయాగ్నసిస్‌లో భాగమే. ఆ మాట జూనియర్లకి రోజూ చెబుతాం. వాగు ఒడ్డున మాత్రం మేమే మరిచిపోయాం.

ఈ లోయ రాళ్ళ వయసు సుమారు 33, 34 కోట్ల ఏళ్ళు. కార్బానిఫెరస్ యుగం అంటారు. అప్పటికి ఐర్లండు ఇక్కడ లేదు. భూమధ్యరేఖ దగ్గర, వెచ్చటి లోతులేని సముద్రం కింద ఉండేది. ఆ సముద్రంలో పగడాలు, సముద్రపు కలువలు, ఈ ముళ్ళ ప్రమిదలు పెరిగి, చచ్చి, పేరుకుని సున్నపురాయి అయ్యాయి. నేల కదిలి కదిలి వాటిని ఈ చలిదేశానికి మోసుకొచ్చింది. ఇది చెబితే మా అమ్మాయి, "అయితే ఇది కూడా మనలాగే వేడిదేశం నుంచి వచ్చిందా?" అంది. "అవును, వీసా లేకుండా" అన్నారు మావారు.

మర్నాడు స్ట్రీడా అనే సముద్రతీరానికి కూడా వెళ్ళాం. 1588లో స్పెయిన్ నౌకాదళానికి చెందిన మూడు ఓడలు ఇక్కడే తుఫానులో బద్దలయ్యాయి. ఆ కొసని, ఆటు వేళ, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాతిపలకల మీద పెద్ద పెద్ద పగడాలు కనిపిస్తాయి. ఆవుకొమ్ముల్లా, కొన్ని పాముల్లా. అవీ ఆ కాలపువే. వాటిని కళ్ళతో చూసి ఫోటోతో తృప్తిపడాలి. సుత్తి, ఉలి తీసుకెళ్ళకూడదు.

డబ్లిన్ తిరిగొచ్చాక, ఒక సాయంత్రం ట్రినిటీ కాలేజీలోని మ్యూజియం బిల్డింగుకి వెళ్ళాం. డీన్, వుడ్‌వర్డ్ అనే వాస్తుశిల్పులు కట్టి 1857లో పూర్తిచేసిన భవనం. గుమ్మంలోనే పూర్వకాలపు రాక్షసదుప్పుల అస్థిపంజరాలు రెండు నిలబడి ఉంటాయి. లోపలి స్తంభాలు ఐర్లండులోని వేర్వేరు జిల్లాల రాళ్ళతో చేసినవి. కనమరా ఆకుపచ్చ, కోర్క్ ఎరుపు. నునుపుచేసిన సున్నపురాయిలో తెల్లటి పూసల్లా కనిపించేవి సముద్రపు కలువల కాడల ముక్కలు. మా అమ్మాయి ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగి లెక్కపెట్టింది.

ఈ దేశపు కార్బానిఫెరస్ గవ్వలకి మొదటిసారి వరసగా పేర్లుపెట్టి బొమ్మలతో అచ్చువేసినవాడు ఫ్రెడెరిక్ మకాయ్. డబ్లిన్ కుర్రాడు, ఒక డాక్టరుగారి కొడుకు. రిచర్డ్ గ్రిఫిత్ పూనికమీద ఆ పుస్తకం 1844లో వచ్చింది. ఆ మరుసటేడు ట్రినిటీలో భూగర్భశాస్త్రం ప్రొఫెసరైనవాడు థామస్ ఓల్డ్‌హామ్. ఈయన 1816లో డబ్లిన్‌లోనే పుట్టాడు. ఆ పేరు దగ్గర మాకు ఎక్కడో గంట మోగింది. ఇంటికొచ్చి చదివితే, 1851లో కలకత్తా వెళ్ళి భారత భూగర్భ పరిశోధనశాఖ మొదలుపెట్టింది ఆయనే. ఆయన వెనకే ఇంకొందరు వెళ్ళారు. గాల్వే జిల్లా లాక్రేలో పుట్టిన హెన్రీ మెడ్లికాట్, మన గోండుల పేరుమీద 'గోండ్వానా' అనే మాట పెట్టాడు. గాల్వే క్వీన్స్ కాలేజీలో చదివిన విలియం కింగ్ మన కడప, కర్నూలు రాళ్ళమీద 1872లో ఒక గ్రంథం, గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్ళమీద 1880లో ఇంకొకటి రాశాడు. సింగరేణి బొగ్గుని కనిపెట్టింది కూడా ఆయనే. ఆయన తండ్రి, ఆయన పేరూ విలియం కింగే, గాల్వేలో ప్రొఫెసరు. బ్రాకియోపాడ్లలో పండితుడు. 1864లో నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయనామం పెట్టింది ఈ తండ్రే.

మేము ఐర్లండుకి వచ్చి వీళ్ళ రోగాలు గుర్తుపట్టే ఉద్యోగం చేస్తున్నాం. వీళ్ళ ముత్తాతలు నూటయాభై ఏళ్ళ కిందట మన ఊళ్ళకి వచ్చి మన రాళ్ళని గుర్తుపట్టారు. కంపెనీ కోసం, తరవాత సర్కారు కోసం, బొగ్గు కోసం వచ్చారన్నది నిజమే. కాని వాళ్ళు రాసి పెట్టింది ఇవాళ్టికీ పనికొస్తోంది.

గోదావరి జిల్లా గురించి చదువుతూ చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయాం. పంగిడి.

మాది కొవ్వూరు దగ్గర. పంగిడి మా ఊరికి కూతవేటు దూరం. ఆ చుట్టుపక్కల నల్లరాతి క్వారీలు ఉన్నాయి. ఆ నల్లరాయి, దక్కను లావాల కాలంలో పారి గడ్డకట్టిన లావా. రెండు లావా పొరల మధ్య సన్నటి సున్నపురాయి పొర ఒకటి చిక్కుకుని ఉంది. దాన్నిండా గవ్వలు. మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన డాక్టర్ బెంజా 1835లో ఉత్తర సర్కారుల్లో తిరుగుతూ వాటిని చూసి, 1837లో అచ్చువేశాడు. ఆయన డాక్టరే! 2008లో శాస్త్రజ్ఞులు రాజమండ్రి క్వారీల్లో ఆ పొరలోని సూక్ష్మజీవుల గుల్లల్ని పరీక్షించి, కింది లావా పారిన కాలం డైనోసార్లు అంతరించిన కాలానికి బాగా దగ్గరదని తేల్చారు. అంటే సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది, "అది రాయి, పారెయ్యి" అని ఇదివరకు ఎవరితో అన్నామో.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయన బల్లమీద హాజరుపట్టీ ఎగిరిపోకుండా ఒక రాయి ఉండేది. పిడికిలంత. మెడిసిన్‌లో చేరిన మొదటి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు, మాకు కొత్తగా అన్నీ తెలిసిపోయిన రోజుల్లో, ఆయన దాన్ని తీసుకొచ్చి మా చేతిలో పెట్టి, "అమ్మలూ, నువ్వు బోన్లూ అవీ చదువుతున్నావు కదా. ఇది గవ్వేనంటావా? క్వారీ దగ్గర దొరికింది. ఇక్కడికి సముద్రం వచ్చి ఉండాలి" అన్నారు. మేము పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "అది రాయి నాన్నా. పారేయండి" అన్నాం. ఆయన ఏమీ అనలేదు. తీసుకెళ్ళి మళ్ళీ హాజరుపట్టీ మీద పెట్టుకున్నారు.

2021 మే నెలలో కరోనాతో ఆయన పోయారు. ఇక్కడ కోవిడ్ వార్డులో మాకు రోజు విడిచి రోజు రాత్రి డ్యూటీ. వెళ్ళే దారి లేదు. మన సంఘం సభ్యుల్లో ఆ ఏడాది అలా ఫోను తెరమీదే వీడ్కోలు చెప్పినవాళ్ళు మేమొక్కళ్ళమే కాదు గనక, ఆ సంగతి ఇంతకంటే రాయనక్కరలేదు.

ఆ ఆదివారం అమ్మకి ఫోను చేశాం. కుశలప్రశ్నలు అయ్యాక, "నాన్న బల్లమీద ఒక రాయుండేది, గుర్తుందా?" అని అడిగాం.

"ఏ రాయే?"

"హాజరుపట్టీ మీద పెట్టుకునేవారు. గీతలుండేవి."

"ఓ, అదా! బీరువా కోడు కింద పెట్టాంగా. ఆ గదిలో నేల పల్లం, బీరువా ఊగుతోందని మీ బాబాయి పెట్టాడు. దానికేం ఇప్పుడు?"

మా అమ్మాయి ఫోను లాక్కుంది. "అమ్మమ్మా, అది తియ్యవా? నాకు చూపించవా?"

మనవరాలు అడిగితే కాదనడం ఉంటుందా. పక్కింటి కుర్రాణ్ణి పిలిచి, బీరువా ఎత్తించి, రాయి తీయించి, చీరకొంగుతో తుడిచి, వీడియోలో పెట్టింది. మా అమ్మాయి డాక్టరమ్మ గొంతుతో చెప్పడం మొదలెట్టింది: "లైటు పక్కనించి పట్టుకో అమ్మమ్మా. ఇంకొంచెం కిందకి. ఇప్పుడు తిప్పు."

రాయి కాదు. గవ్వే. బలమైన గీతలు, ముక్కు ఒక పక్కకి వాలి ఉంది. నిలువునా గీత గీస్తే రెండు పక్కలూ సమానంగా లేవు. అంటే బ్రాకియోపాడ్ కాదు, నమస్కారం రకం, ఆల్చిప్పల బంధువు. మా అమ్మాయి తెరముందు రెండు చేతులూ జోడించి అమ్మమ్మకి ఆ తేడా చెప్పింది. అమ్మమ్మ కూడా, చేతిలో రాయి పక్కన పెట్టి, చేతులు జోడించి తన బొటనవేళ్ళని చూసుకుంది.

"ఇంకోవైపు కూడా తిప్పు అమ్మమ్మా. అన్నివైపులా చూడకుండా పేరు పెట్టకూడదు."

అమ్మ రాయిని బోర్లించింది. కాసేపు మాట్లాడలేదు. తరవాత దగ్గరగా పెట్టుకుని, "ఇక్కడేదో రాసుందే" అంది.

కళ్ళజోడు తెచ్చుకుని చదివింది. సిరా వెలిసిపోయింది గాని అక్షరాలు నాన్నవే, బోర్డుమీద రాసినట్టు గుండ్రంగా: 'పంగిడి క్వారీ. తెల్లరాయి పొర. 12-1-1994.'

ఈ విద్యలో అన్నింటికంటే ముఖ్యమైన నియమం అదేనని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. ఎక్కడ దొరికింది, ఏ పొరలో, ఏ రోజున అన్నది రాయకపోతే ఎంత అందమైన శిలాజమైనా పేరులేని కేస్‌షీటు వంటిది. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. పదమూడేళ్ళు బల్లమీద ఉంచుకుని, తెలుసుకుని చెప్పగలదనుకున్న మనిషి చేతిలో పెట్టారు. మేము ఒక్కసారైనా తిప్పి చూడలేదు.

"ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టమంటావే?" అంది అమ్మ.

"బల్లమీదే పెట్టమ్మా. డిసెంబరులో వస్తాం కదా."

"మరి బీరువా?"

"అట్టముక్క మడిచి పెట్టు" అన్నారు మావారు వెనకనించి.

ఆ రాత్రి మా అమ్మాయి తన గవ్వ వెనక, సన్నటి పెన్నుతో, ముందు ఇంగ్లీషులోనూ తరవాత మేము అక్షరం అక్షరం చెబితే తెలుగులోనూ రాసుకుంది: 'గ్లెనిఫ్ వాగు, స్లైగో.' కింద తారీఖు. 'వాగు'లో దీర్ఘం మరిచిపోయి తరవాత ఇరికించింది.

సభ్యులెవరైనా ఆ వైపు వెళ్ళదలిస్తే రెండుమూడు మాటలు. వాన పడ్డాక వాగు ఒక్కసారిగా పొంగుతుంది. పిల్లల్ని ఒంటరిగా దించకండి. పొలాలు దాటవలసి వస్తే అడిగి వెళ్ళండి, తీసిన గేటు మళ్ళీ మూయండి. స్ట్రీడాలో ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి. కొండలోని రాయిని కొట్టకండి. వాగులో విడిగా పడి ఉన్నవాటిని ఫోటో తీసుకుని అక్కడే వదిలేస్తే ఇంకా మంచిది. మేము ఒక్క చిన్నముక్క తెచ్చుకున్నాం, అదీ దాని ఊరిపేరుతో సహా. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు డబ్లిన్‌లోనే పాత సున్నపురాతి గోడల్ని, నల్లరాతి మెట్లని, వాన వెలిశాక తడిమీద, పక్కవెలుగులో చూడండి. చాలాచోట్ల పూసలూ, ప్రమిదలూ కనిపిస్తాయి.

పిల్లలు ఏదైనా తెచ్చి చేతిలో పెడితే మాత్రం, ముందు తిప్పి చూడండి.